నడిసంద్రంలో మనిషి జబ్బుపడితే: ఓడ మీద నుంచి ఆసుపత్రి దాకా చేర్చడం ఎలా

ముందు ఒక లెక్క చేద్దాం. మీ ఓడ దగ్గరి ఒడ్డుకి 900 నాటికల్ మైళ్ళ దూరంలో ఉంది, 13 నాట్ల మీద, అంటే గంటకి 13 నాటికల్ మైళ్ళ వేగంతో పోతోంది. రెస్క్యూ హెలికాప్టర్ ఒడ్డు నుంచి వచ్చి, మీ డెక్ మీద గాల్లో నిలబడి, మనిషిని లాక్కుని, మళ్ళీ ఒడ్డుకి చేరేంత ఇంధనం మిగుల్చుకోవాలి. అందుకని మామూలుగా 150, మహా అయితే 200 మైళ్ళు దాటి రాలేదు. మిగతా 700 మైళ్ళు మీరే ఓడని నడిపించుకు రావాలి. అంటే దగ్గర దగ్గర 54 గంటలు.

ఇంకో లెక్క. ఓడ ఒడ్డుకి దూరంగా పోతోంది. రాత్రి పదకొండింటికి ఎవరికో కడుపునొప్పి మొదలైంది. "పొద్దున్నే చూద్దాంలే" అని 6 గంటలు ఆగారు. ఈలోపు ఓడ 78 మైళ్ళు ముందుకు పోయింది. వెనక్కి తిప్పితే ఆ 78 మైళ్ళు దాటడానికే మరో 6 గంటలు. ఆగింది ఆరు గంటలే, రోగి పోగొట్టుకున్నది పన్నెండు.

నేను సెకండ్ మేట్‌గా, అంటే కెప్టెన్ కింది అధికారిగా, మందుల గది తాళాలు నా జేబులో పెట్టుకుని తిరిగే రోజుల్లో, ఈ రెండో లెక్క తెలియక ఒక రాత్రి పోగొట్టాను. మా ఫిట్టర్‌కి బొడ్డు చుట్టూ నొప్పి. గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చి పడుకోబెట్టాను. తెల్లారేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది, ఒళ్ళు కాలిపోతోంది. అపెండిసైటిస్ అచ్చంగా అలాగే మొదలవుతుందని పుస్తకంలో చదివినవాణ్ణే. ఆయన బతికాడు. కానీ ఆ ఒక్క రాత్రి ఆయన మీద మోపిన బరువు నాకు ఇంకా గుర్తుంది. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా ఓడెక్కుతున్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కెప్టెన్ అయ్యాక నేర్చుకుందాం అనుకునే విషయం కాదు ఇది.

1. పరుగెత్తే ముందు ఆగండి

మనిషి పడిపోయింది ట్యాంకులోనో, కార్గో హోల్డులోనో, లంగరు గొలుసు ఉంచే చెయిన్ లాకర్లోనో అయితే లోపలికి దూకకండి. గాలి ఆడని చోట మొదట పడిపోయినవాడి కోసం దిగి, రెండోవాడు, మూడోవాడు చనిపోయిన సంఘటనలు ఓడల చరిత్ర నిండా ఉన్నాయి. అలారం మోగించండి. బ్రీతింగ్ ఆపరేటస్ (ఊపిరికి గాలి అందించే పరికరం) వేసుకున్న జట్టు వచ్చాకే లోపలికి. కింద ఉన్నది మీ ఊరివాడైనా సరే. ఆ రెండు నిమిషాలు నిలబడటం చాలా కష్టం. నిలబడాలి.

మనిషి చేతికి అందాక ఊపిరి, నాడి, రక్తస్రావం చూడండి. రక్తం కారుతుంటే గట్టిగా అదిమి పట్టండి. కాలిన గాయమైతే కనీసం 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోయండి, ఐసు వద్దు. ఎత్తు నుంచి పడ్డవాణ్ణి వెన్నెముక కదలకుండా స్ట్రెచర్ మీదికి చేర్చండి.

తర్వాత ఒక కాగితం తీసి, పైన యూటీసీ టైము (ప్రపంచమంతా ఒకటిగా వాడే టైము) వేసి ఇవి రాయండి: నాడి నిమిషానికి ఎంత, బీపీ ఎంత, నిమిషానికి ఎన్ని ఊపిర్లు, జ్వరం ఎంత, వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఏం చూపిస్తోంది, మనిషి తెలివిలో ఉన్నాడా. తెలివిని నాలుగు మెట్లలో రాయడం తేలిక: తనంతట తానే మాట్లాడుతున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, నొప్పి కలిగిస్తేనే కదులుతున్నాడు, దేనికీ స్పందించడం లేదు. గంటకోసారి, పరిస్థితి బాగా లేకపోతే పావుగంటకోసారి మళ్ళీ చూసి పక్కన రాయండి. ఒక అంకె చూసి డాక్టరు చెప్పగలిగేది తక్కువ. వరసగా ఆరు అంకెలుంటే మనిషి తేరుకుంటున్నాడో జారిపోతున్నాడో అర్థమవుతుంది.

2. డాక్టర్‌ని ఓడ మీదికి తెచ్చుకోండి, గొంతు రూపంలో

ఓడల్లో పనిచేసేవాళ్ళ హక్కుల గురించిన అంతర్జాతీయ ఒప్పందం మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం 100 మంది అంతకు మించి ఉండి, మూడు రోజులకు పైగా అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలోనే డాక్టరు తప్పనిసరి. ఇరవై పాతిక మంది ఉండే మన సరుకు ఓడల్లో కోర్సు చేసి వచ్చిన మేటే డాక్టరు, నర్సు, కాంపౌండరు. కానీ అదే కన్వెన్షన్ ఇంకో మాట కూడా చెప్పింది: రేడియో లేదా శాటిలైట్ ద్వారా వైద్య సలహా ఏ దేశపు జెండా ఉన్న ఓడకైనా, రాత్రీ పగలూ, ఉచితంగా అందాలి. దీన్ని టెలిమెడికల్ సర్వీసు అంటారు. రోమ్‌లోని సీఐఆర్‌ఎం అనే సంస్థ 1935 నుంచి ఈ పనే చేస్తోంది. ఓడల్లో ఉండే శాటిలైట్ ఫోన్ వ్యవస్థ ఇన్‌మార్శాట్‌లో 32 కోడ్ నొక్కితే వైద్య సలహాకి, 38 నొక్కితే వైద్య సహాయానికి, అంటే రోగిని తరలించాల్సిన అవసరానికి, లైను కలుస్తుంది. మందుల గది తలుపు లోపలివైపు ఈ రెండు అంకెలూ పెద్దగా రాసి అంటించండి.

ఫోన్ చేసేముందు పక్కన పెట్టుకోవాల్సినవి: రోగి వయసు, నొప్పి ఎప్పుడు ఎక్కడ మొదలై ఎటు పాకింది, పాత జబ్బులు, రోజూ వేసుకునే మందులు, పడని మందులు, ఇప్పటిదాకా ఏం ఇచ్చారు, ఎన్నింటికి ఇచ్చారు. ఓడలో ఉన్న మందుల జాబితా కూడా. డాక్టరు మీ దగ్గర లేని ఇంజక్షన్ రాస్తే ఏం లాభం?

ఇక్కడ మన కుర్రాళ్ళ గురించి ఒక మాట. బీపీ, షుగరు ఉన్నాయని చెబితే మెడికల్‌లో ఫెయిల్ చేస్తారని, కాంట్రాక్టు పోతుందని దాచిపెడతారు. గుండెనొప్పి వచ్చిన రాత్రి కూడా చెప్పరు. కాబట్టి అడిగేటప్పుడు క్యాబిన్ తలుపు వేసి, కెప్టెన్‌ని కూడా బయట ఉంచి, వీలైతే ఆ మనిషి సొంత భాష వచ్చినవాళ్ళతో మెల్లగా అడిగించండి. బ్యాగులో, దిండు కింద దొరికే మాత్రల షీట్లు కూడా చూడండి.

డాక్టరు చెప్పింది చెప్పినట్టు తిరిగి చదివి వినిపించండి. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకోసారి, తిండీ నీళ్ళూ ఇవ్వొచ్చా లేదా. కడుపులో తేడా ఉందన్న అనుమానం ఉంటే డాక్టరు చెప్పేదాకా నోటికి ఏమీ ఇవ్వకపోవడమే మేలు.

3. రెస్క్యూ సెంటర్‌కి ముందే చెవిన వేయండి

చాలామంది కెప్టెన్లు తడబడేది ఇక్కడే. డాక్టరు "తరలించాలి" అనేదాకా ఆగి అప్పుడు రెస్క్యూ సెంటర్‌కి, అంటే ఆ సముద్ర ప్రాంతంలో సహాయ చర్యలు నడిపించే కేంద్రానికి, ఫోన్ చేద్దామనుకుంటారు. అలా ఆగకండి. డాక్టర్‌తో మాట్లాడుతున్న గంటలోనే రెస్క్యూ సెంటర్‌కి "మా దగ్గర ఒక రోగి ఉన్నాడు, పరిస్థితి తేలలేదు, అవసరం రావచ్చు" అని చెప్పి ఉంచండి. అవసరం లేకపోతే తర్వాత రద్దు చేసుకోవచ్చు. ముందే చెబితే వాళ్ళు ఆ చుట్టుపక్కల ఏ ఓడలున్నాయో, ఏ విమానం సిద్ధంగా ఉందో చూసి పెట్టుకుంటారు.

1979లో హాంబర్గ్‌లో కుదిరిన సెర్చ్ అండ్ రెస్క్యూ ఒప్పందం తర్వాత ప్రపంచ సముద్రాల్ని 13 ప్రాంతాలుగా విభజించి, వాటిని మళ్ళీ ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఒక దేశాన్ని బాధ్యురాలిని చేశారు. మన దేశం వంతు సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్లు. దాన్ని కోస్ట్ గార్డు ముంబై, చెన్నై, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం)లోని మూడు సెంటర్ల నుంచి చూస్తుంది. మన తీరం నుంచి అయితే 1554 టోల్ ఫ్రీ నంబరు.

మీరు ఎవరి నీళ్ళలో ఉన్నారో తెలియకపోయినా ఆగొద్దు. ఏ సెంటర్ దొరికితే దానికే చెప్పండి. మొదట కబురు అందుకున్న సెంటర్, సరైన సెంటర్‌కి అప్పగించేదాకా తానే చూసుకోవాలన్నది నియమం. కంపెనీ ఆఫీసుకి కూడా చెప్పండి, కానీ వాళ్ళ అనుమతి కోసం ఆగకండి. మనిషి ప్రాణం విషయంలో నిర్ణయం కెప్టెన్‌దేనని, సముద్రంలో ప్రాణ రక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం రాసి మరీ ఇచ్చింది. దారి మళ్ళించినందుకయ్యే ఖర్చు మామూలుగా ఓడ యజమాని బాధ్యతలకి ఉండే పీ అండ్ ఐ ఇన్సూరెన్సులోకి వస్తుంది.

శాటిలైట్ పని చేయకపోతే, బటన్ నొక్కితే అలర్ట్ పంపే డీఎస్సీ రేడియో ఉంది. ఒడ్డుకి దగ్గరైతే వీహెచ్‌ఎఫ్ (దగ్గరి దూరాల రేడియో) 70వ ఛానల్‌లో అలర్ట్ కొట్టి 16లో మాట్లాడాలి. మధ్య దూరాలకి 2187.5 కిలోహెర్ట్జ్, ఇంకా దూరమైతే హెచ్‌ఎఫ్ (దూరాలకి అందే రేడియో). ఒక్క రోగి విషయమైతే "పాన్ పాన్" మూడుసార్లు. ఓడకో మనిషికో ప్రాణాపాయం నెత్తి మీదికి వచ్చి, తక్షణ సాయం కావాల్సి వస్తే "మేడే". ఏది వాడాలో తేల్చుకోలేక మౌనంగా ఉండిపోవడం కంటే పెద్దదే వాడటం మంచిది.

సెంటర్‌కి ఇవ్వాల్సిన మొదటి సందేశం ఒక పేజీ దాటకూడదు. ఓడ పేరు, కాల్ సైన్ (రేడియోలో ఓడని గుర్తుపట్టే పేరు), ఏ టైముకి ఎక్కడ ఉంది, కోర్సు, వేగం, ఎంత దాకా వేగం పెంచగలరు, బయల్దేరిన రేవు, వెళ్ళే రేవు, రోగి పరిస్థితి రెండు వాక్యాల్లో, డాక్టరు ఏమన్నాడు, గాలి ఎటు నుంచి ఎంత, అలలు ఎంత ఎత్తు, మబ్బులు ఎంత కిందికి ఉన్నాయి, డెక్ మీద హెలికాప్టర్‌కి చోటు ఎక్కడ.

4. దారి ఎంచుకోవడం

దగ్గరి రేవుకి ఓడ తిప్పడం, మధ్యలో హెలికాప్టర్‌ని కలవడం, డాక్టరున్న ఇంకో ఓడకి అప్పగించడం: మీ చేతిలో ఉండేవి సాధారణంగా ఈ మూడే. ఎప్పుడూ మ్యాపు మీద దగ్గరిగా కనిపించే రేవే మంచిది కాదు. ఆ ఊళ్ళో గుండె ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఉందా, రేవులోకి వెళ్ళకుండా బయటే లాంచీ వచ్చి రోగిని తీసుకెళ్తుందా అని చూడాలి. శ్రీలంక దక్షిణాన డోండ్రా హెడ్ అనే కొన కింద నుంచి మలక్కా జలసంధి వైపు పోయే ఓడలకి గాల్ రేవు అలా అక్కరకొస్తుంది. ఓడ లంగరు వేయాల్సిన పని లేకుండానే బయటికి లాంచీ వస్తుంది.

ఇంకో ఓడ సాయం కావాలంటే 1958లో అమెరికా కోస్ట్ గార్డు మొదలుపెట్టిన ఆమ్వర్ అనే ఏర్పాటు ఉంది. అందులో చేరిన ఓడలు తమ ప్రయాణ పథకం, ఓడలో డాక్టరు ఉన్నాడా లేదా అన్నది ముందే చెప్పి ఉంచుతాయి. రెస్క్యూ సెంటర్ అడిగితే ఆ చుట్టూ ఉన్న ఓడల జాబితా వస్తుంది. మీ ఓడ అందులో ఉందో లేదో ఈరోజే కనుక్కోండి. ఎవరికో సాయపడటానికి మీ ఓడ పేరు కూడా ఆ జాబితాలో ఉండాలి.

ఒక ఓడ నుంచి ఇంకో ఓడకి మార్చడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. పెద్ద ఓడని గాలికి అడ్డంగా నిలిపి, గాలి తగలని పక్కన నీళ్ళు కాస్త శాంతించాక రెస్క్యూ బోటు దింపాలి. అలలు ఎక్కువగా ఉంటే రోగి కన్నా బోటులో దిగే ముగ్గురికే ప్రమాదం. కుదరదు అనిపిస్తే కుదరదని చెప్పే హక్కు కెప్టెన్‌కి ఉంది.

ఏ హెలికాప్టరూ అందని చోట్లకి కొన్నిసార్లు మనుషులే ఆకాశం నుంచి దిగుతారు. 2017 ఏప్రిల్‌లో అట్లాంటిక్ నడుమ టమార్ అనే సరుకు ఓడలో పేలుడు జరిగి మనుషులు కాలిపోతే, అమెరికా 106వ రెస్క్యూ వింగ్ పారాజంపర్లు విమానం నుంచి సముద్రంలోకి దూకి, ఓడెక్కి వైద్యం చేశారు.

5. ఎవరూ దగ్గర లేనప్పుడు ఇది ఎలా నడుస్తుందో చూడండి

2018 సెప్టెంబరు 21. మన నేవీ కమాండర్ అభిలాష్ టామీ ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో ఉన్నారు. దక్షిణ హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి సుమారు 1900 నాటికల్ మైళ్ళ దూరంలో, తుఫానుకి ఆయన పడవ 'తురీయ' బోల్తా కొట్టింది, తెరచాప స్తంభాలు విరిగాయి. వెన్నుకి దెబ్బ తగిలి లేవలేకపోయారు. శాటిలైట్ ఫోన్ పోయింది. మిగిలింది చిన్న అక్షరాలు పంపే యంత్రం ఒక్కటే. దాంతోనే నడవలేనని, స్ట్రెచర్ కావాల్సి రావచ్చని, పడవ లోపల క్షేమంగా ఉన్నానని చెప్పారు. ఆ కొద్ది మాటల్ని మళ్ళీ ఒకసారి చదవండి. ఎలా ఉన్నాను, ఏం కావాలి, ఎక్కడ దొరుకుతాను. రెస్క్యూ చేసేవాళ్ళకి కావాల్సింది అంతే.

ఆ నీళ్ళు ఆస్ట్రేలియా బాధ్యతలోవి కాబట్టి కాన్‌బెరాలోని సెంటర్ పగ్గాలు పట్టింది. మారిషస్ నుంచి మన నేవీ పీ-8ఐ విమానం వెళ్ళి పడవని కళ్ళారా చూసి వచ్చింది. విమానం మనిషిని ఎత్తుకురాలేదు, కానీ పడవ ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో చెప్పి, వచ్చే ఓడకి వెతుకులాట తప్పించింది. ఆస్ట్రేలియా యుద్ధనౌక బల్లారాట్, మన ఐఎన్‌ఎస్ సాత్పురా బయల్దేరాయి. కానీ అందరికన్నా ముందు చేరగలిగింది చేపల వేట మీద నిఘా పెట్టే ఫ్రాన్స్ గస్తీ నౌక ఒసిరిస్. 24న దాని సిబ్బంది రబ్బరు పడవలో వెళ్ళి, ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకొచ్చి ఆమ్‌స్టర్‌డామ్ దీవిలోని చిన్న ఆసుపత్రికి చేర్చారు. అక్కడి నుంచి సాత్పురా ఆయన్ని మన విశాఖకే తీసుకొచ్చింది. నాలుగు దేశాలు, ఒక్క మనిషి, ఆయన్ని అందుకోవడానికి మూడు రోజులు. యుద్ధనౌక రావాలని ఎదురుచూడకుండా, ఏది ముందు చేరగలదో దాన్నే పంపారు. మీ దగ్గరికి వచ్చేది కూడా ఎవరి ఓడో, ఏ భాష మాట్లాడేవాళ్ళో తెలియదు. అందుకే కాగితాలు ఇంగ్లిష్‌లో, అంకెలు స్పష్టంగా రాసి ఉంచండి.

6. హెలికాప్టర్ వస్తోందంటే

డెక్ మీద ఎగిరిపోగల ప్రతిదీ తీసేయండి. టార్పాలిన్, పెయింట్ డబ్బా మూత, టోపీ, చిన్న తాడు ముక్క కూడా. రోటర్‌లో అది చిక్కుకుంటే హెలికాప్టర్ మీ డెక్ మీదే కూలుతుంది. పొడుగాటి యాంటెన్నాలు దించండి. ఫైర్ హోసులు నీళ్ళతో నింపి, మంట ఆర్పే ఫోమ్ సిద్ధం చేసి, రెస్క్యూ బోటు దించడానికి తయారుగా పెట్టండి. గాలి ఎటో పైలట్‌కి తెలిసేలా జెండా ఎగరేయండి. మామూలుగా గాలి పోర్ట్, అంటే ఓడ ఎడమ పక్క, ముందువైపు నుంచి 30 డిగ్రీల కోణంలో తగిలేలా ఓడని ఉంచమంటారు, కానీ పైలట్ ఏ కోర్సు చెబితే అదే. చెప్పకుండా కోర్సు గానీ, వేగం గానీ మార్చకండి.

అన్నింటికన్నా ముఖ్యమైనవి రెండు. హెలికాప్టర్ నుంచి కేబుల్ మీద దించే వించ్ హుక్ దిగగానే చేత్తో పట్టుకోకండి. గాల్లో తిరిగిన హెలికాప్టర్‌కి స్టాటిక్ కరెంటు పట్టి ఉంటుంది. హుక్ ముందు డెక్కునో నీళ్ళనో తాకాలి, తర్వాతే చెయ్యి. రెండోది, ఆ కేబుల్‌ని గానీ, దారి చూపించడానికి దించే తాడుని గానీ ఓడలో దేనికీ కట్టకండి, తప్పించుకోలేక హెలికాప్టర్ పడిపోతుంది. రాత్రయితే లైట్లు డెక్ మీదికే, పైలట్ కళ్ళలోకి కాదు. ఆ హోరులో మాటలు వినపడవు కాబట్టి చేతి సైగలు బోసన్‌తో (డెక్ మీది పనివాళ్ళ పెద్దతో) ముందే అనుకోండి.

రోగికి వీలైతే లైఫ్ జాకెట్ తొడిగి, స్ట్రెచర్‌కి పట్టీలు బిగించండి. ఛాతీ మీద ట్యాగు కట్టి, నొప్పి మందు ఏది, ఎంత, ఎన్నింటికి ఇచ్చారో రాయండి. మార్ఫిన్ ఇచ్చిన సంగతి తెలియక ఆసుపత్రిలో మళ్ళీ ఇస్తే ప్రమాదం.

7. మనిషి నీళ్ళలో పడితే

అరవండి, లైటూ పొగా ఉన్న లైఫ్ బాయ్ విసరండి, బ్రిడ్జిలో, అంటే ఓడ నడిపే గదిలో, మనిషి పడిన చోటుని గుర్తుపెట్టే ఎంఓబీ బటన్ నొక్కండి. చుక్కాని మనిషి పడిన వైపే తిప్పండి, అప్పుడు ప్రొపెల్లర్ అతనికి దూరంగా జరుగుతుంది. ఒకరిని కేవలం అతణ్ణి వేలితో చూపిస్తూ నిలబడే పనికే పెట్టండి. కళ్ళు ఒక్కసారి పక్కకి తిప్పితే ఆ తల మళ్ళీ కనిపించదు. విలియమ్సన్ టర్న్ వేస్తే, అంటే కోర్సు 60 డిగ్రీలు మారేదాకా ఆ వైపు తిప్పి, వెంటనే అవతలి వైపుకి పూర్తిగా తిప్పితే, ఓడ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఈలోగా మేడే పంపండి.

ఎప్పుడు పడ్డాడో తెలియకపోతే, చివరగా చూసింది ఎవరు, ఎన్నింటికి అన్నదే వెతుకులాటకి పునాది. డ్యూటీ మారిన టైము, మెస్‌లో టీ తాగిన టైము, క్యాబిన్ పక్కవాడు విన్న తలుపు చప్పుడు, అన్నీ అడిగి రాయండి. చోటు మీద అనుమానం ఉంటే చతురస్రంగా విస్తరిస్తూ వెతకాలి. మొదటి రెండు అడుగులు ఒకే పొడవు, తర్వాతి రెండు రెట్టింపు, ఆ తర్వాతి రెండు మూడింతలు. అలా పోతూ ఉండాలి. వెతకడం ఆపే నిర్ణయం మీది కాదు, రెస్క్యూ సెంటర్‌ది. చల్లటి నీళ్ళలో చాలాసేపు ఉన్న మనిషిని నిలువునా లాగకండి, పడుకోబెట్టినట్టు అడ్డంగా పైకి తీయాలి. నిలువుగా లేపితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి, డెక్ మీదికి చేరాక ప్రాణం పోవచ్చు. ఒళ్ళు రుద్దకండి, మద్యం తాగించకండి.

8. సంచి, ఇంటికి ఫోను

రోగితో పంపే సంచి ముందే సర్దండి. పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు, సర్వీసు పుస్తకం), మీరు రాసిన కాగితాల కాపీ, రోజూ వేసుకునే మందులు, కళ్ళద్దాలు, ఒక జత బట్టలు, కొంత డబ్బు, ఫోను, ఛార్జరు. ఛార్జరు చాలామంది మర్చిపోతారు. తెలియని దేశపు ఆసుపత్రిలో కళ్ళు తెరిచినవాడికి అమ్మతో మాట్లాడే దారి అదొక్కటే. అన్నీ నీళ్ళు దూరని కవర్లో పెట్టి ఒంటికే కట్టండి.

ఇంటివాళ్ళకి కబురు కంపెనీ చెబుతుంది. అది చెప్పేది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో. ఓడ మీద తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే, కెప్టెన్ అనుమతితో వాళ్ళ చేత ఇంటికి ఫోన్ చేయించండి. "అమ్మా, నేను మీ అబ్బాయితో పనిచేసేవాణ్ణి" అని మొదలుపెట్టి, ఏం జరిగిందో, ఏ ఆసుపత్రికి వెళ్ళాడో, ఏ నంబరుకి చేస్తే ఎవరు పలుకుతారో చెప్పమనండి. ఇది చదువుతున్నది ఇంటివాళ్ళే అయితే, మీ పిల్లవాడు ఓడెక్కే రోజునే మూడు విషయాలు రాయించుకోండి: ఓడ పేరు, దాని ఐఎంఓ నంబరుతో (పేరు మారినా మారని ఓడ గుర్తింపు అంకె) సహా, కంపెనీలో రాత్రి కూడా పలికే మనిషి నంబరు, పంపిన ఏజెంటు లైసెన్సు నంబరు. ఆ కాగితం బీరువాలో కాకుండా గోడ మీద క్యాలెండర్ పక్కన ఉంచండి.